చిప్పల హన్మండ్లు

చెప్పవలసింది ఒక్క మాటే అయినప్పుడు, చెప్పడానికి ముప్పై రోజులకు పైగా వ్యవధి ఉన్నప్పుడు, వినవలసిన మనిషి అదే కప్పు కింద అదే కుండలో వండిన అన్నం తింటూ ఉన్నప్పుడు, ఆ మాట నోట్లోంచి ఎందుకు రాదు? అంజవ్వను తలచుకున్నప్పుడల్లా ఇక్కడికి వచ్చి ఆగిపోవలసిందే. భయమనుకుందామంటే ఆమె భయస్తురాలు కాదు. మొగుడు కొడతాడనుకోవడానికి హన్మండ్లు పెండ్లాం మీద చెయ్యెత్తిన మనిషి కాదు. చదువు లేక అనుకుందామంటే, చదువుకున్నవాళ్లు మాత్రం ఎన్ని మాటలు మింగి కూర్చోలేదు?

ఎల్లారెడ్డిలో హన్మండ్లు ఇంటిపేరు చెబితే ఎవరూ గుర్తుపట్టరు. చిప్పల హన్మండ్లు అంటే బస్టాండులో చాయ్ పోసేవాడు కూడా చెయ్యి చాపి ఇల్లు చూపిస్తాడు. చిప్ప అంటే అరచేతి వెడల్పు ఉండే నారింజరంగు మట్టి పళ్లెం. మైదానానికి ఎడమవైపు ఎత్తుగా ఒక గది, కుడివైపు పొట్టిగా ఒక గది, రెండింట్లోనూ యంత్రాలు. తుపాకి పట్టినవాడు కేక వేస్తే ఏదో ఒక గదిలోంచి చిప్ప దూసుకొస్తుంది. అది కంటపడేదాకా తుపాకి నడుము దగ్గరే ఉండాలి. కంటపడ్డాక భుజానికెత్తి, దాని వెంట తిప్పి, గాల్లోనే పొడి చేయాలి. రౌండుకు ఇరవై ఐదు చిప్పలు, పోటీకి ఐదు రౌండ్లు. ఆ ఆట పేరు స్కీట్. ఇంతదానికి ఒక మనిషి బతుకంతా పడుతుందంటే ఊళ్లో ఎవరు నమ్ముతారు?

హన్మండ్లు ఆ ఆటలోకి తుపాకి వైపు నుంచి రాలేదు, చిప్పల వైపు నుంచి వచ్చాడు. ఇరవై రెండేళ్లప్పుడు గల్ఫ్ పోయాడు. మేస్త్రీ పని అని చెప్పి పంపిన ఏజెంటు మాట అక్కడ దిగాక మారిపోయింది. ఎడారి మధ్య ఒక షూటింగ్ క్లబ్బులో, సగం భూమిలోకి దిగిన ఆ పొట్టి గదిలో, యంత్రానికి చిప్పలు పేర్చే పని ఇచ్చారు. రెండేళ్లపాటు అతను ఆటను చూడలేదు, విన్నాడు. బయట కేక, లోపల యంత్రం చప్పుడు, మళ్లీ బయట పేలుడు. చిప్ప పగిలిందో తప్పిందో చెవులతోనే చెప్పేవాడు. ఒక సాయంత్రం బయట ఒక మనిషి తక్కువైతే, ముసలి కోచ్ ఒకాయన గది తలుపు తెరిచి, నువ్వు రా అని పిలిచాడు. చేతులకు అంటిన మట్టి తుడుచుకుని పోయి, బతుకులో మొదటిసారి తుపాకి పట్టి, ఇరవై ఐదులో పదిహేడు పగలగొట్టాడు. ఎట్లా కొట్టావని అడిగితే, అది ఎప్పుడు వస్తుందో నా చేతులకు ఎరుకేనన్నాడట.

పదకొండేళ్లు అట్లా గడిచాయి. పగలు చిప్పలు పేర్చడం, పొద్దు వాలినాక మిగిలిన తూటాలతో కొట్టడం. నడుమ రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చి, బీబీపేట పిల్ల అంజవ్వను పెళ్లి చేసుకుని, బిడ్డ సాయిశ్రీని ఒకసారి పాకుతుండగా, ఒకసారి బడికి పోతుండగా చూసి వెళ్లాడు. తండ్రి పోయినప్పుడు వచ్చినవాడు ఇక పోనన్నాడు. గల్ఫ్‌లో సంపాదించిందంతా పెట్టి, ఒకదాని మీద ఒకటిగా రెండు గొట్టాలున్న ఇటలీ తుపాకి ఒకటి పాతది కొన్నాడు. లైసెన్సుకు రెండు ఎండాకాలాలు పట్టింది.

వారానికి రెండు రోజులు హైదరాబాద్ షూటింగ్ రేంజికి పోయేవాడు. మిగిలిన ఐదు రోజులు రేంజి ఇంటి వెనక పెరడే. తూటా లేని తుపాకి నడుముకు ఆనించి అతను నిలబడితే, అంజవ్వ బీడీల చాట పక్కన పెట్టి, గోడ మీదెక్కి పాత రేకు మూతలు విసిరేది. మొదట్లో అతను కేక వేయడమే ఆలస్యం, విసిరేసేది. అతను నవ్వి నేర్పించాడు.

“నేను హా అన్నంక ఎంబడే ఇసురకు. మూడు లెక్కపెట్టేలోపల నీ మనసుకొచ్చినప్పుడు ఇసురు. ఆడ మిషిని గూడ గంతే. ఎప్పుడిడుస్తదో ఎవలకు తెల్వది.”

ఆమె నేర్చుకుంది. మూత చేతిలో పట్టుకుని, ఒకటి, రెండు అని మనసులో అనుకుంటూ, అతని భుజం బిగిసి వదులయ్యేదాకా ఆపి, అప్పుడు వదిలేది. మంచంలో కూర్చున్న అత్త సాలవ్వకు ఇది చూడటమే కాలక్షేపం. “దుబాయిల పదకొండేండ్లు జేసొచ్చిన కొలువు గిదేనా కొడకా? మొగుడు పెండ్లాం మూతలాట ఆడవడితిరి,” అని ఎత్తిపొడిచేది. మర్నాడు మూతలు తక్కువైతే పక్కింటి నుంచి అడిగి తెచ్చేది కూడా ఆమే.

వరుసగా మూడేళ్లు రాష్ట్రంలో మొదటి స్థానం అతనిదే. ఒక ఏడాది జాతీయ పోటీల్లో కంచు పతకం వచ్చింది. ఊళ్లో శాలువా కప్పారు, దండలు వేశారు, తర్వాత ఎవరి పని వాళ్లు చూసుకున్నారు. మాచారెడ్డి వైపు నుంచి రైతులు వచ్చి, అడవిపందులు మక్కజొన్న ఉంచడం లేదు, వచ్చి కొట్టమన్నారు. ప్రాణమున్నదాని మీద తన కన్ను నిలువదన్నాడు. వాళ్లలో ఒక పెద్దాయన తలపాగ సవరించుకుని, “చిప్పలు నీ మక్కజొన్న తిన్నయా అన్నా, గట్ల పగలగొడుతవ్?” అన్నాడు. అందరికన్నా ముందు నవ్వింది హన్మండ్లే.

అట్లాంటి రోజులు కొన్ని వచ్చాయి. వచ్చాయని గుర్తు చేసుకోవాలి, లేకపోతే తర్వాతవే మిగులుతాయి.

నలభై మూడేళ్లు నిండాయి. హైదరాబాద్‌లో అతన్ని మొదటి నుంచీ చూస్తున్న కోచ్ ప్రేమ్‌కుమార్ ఒక మాట చెప్పాడు. ఈసారి జాతీయ పోటీలో చివరి ఆరుగురిలో నిలబడితే తమ క్లబ్బులో కోచ్‌గా పెట్టుకుంటారు. నిలబడకపోతే కమిటీ ఇంకో మనిషిని చూసుకుంటుంది, తాను ఆపలేడు. ఆ సంగతి హన్మండ్లు ఇంట్లో చెప్పినప్పుడు అంజవ్వకు ఒక్కటే అర్థమైంది: ఆరుగురిలో ఉంటే మనిషి ఇంట్లో ఉంటాడు. లేకపోతే మళ్లీ ఆ పొట్టి గది.

ఢిల్లీకి బయలుదేరే రోజు మధ్యాహ్నం హన్మండ్లు తుపాకిని శుభ్రం చేసి, తూటాలు పెట్టే చోట మడిచి, మళ్లీ మూశాడు. మూస్తుంటే కిర్రుమంది. నొసలు ముడిచాడు. తుపాకికి వేసే నూనె డబ్బా విదిలిస్తే చుక్క రాలలేదు. హైదరాబాద్‌లో కొంటాలే అనుకుని, క్షవరానికి పోయాడు. ప్రతి పోటీకి ముందు తుపాకికి బొట్టు పెట్టడం అంజవ్వ అలవాటు. ఆ రోజు కూడా కుంకుమ భరిణె తీసుకుని వచ్చి కూర్చుంది. కిర్రుమన్న చప్పుడు ఆమె చెవిలోనే ఉంది. కిటికీ పక్కన ఇరవై ఏళ్లుగా తాను జాకెట్లు కుట్టే కుట్టుమిషన్ ఉంది. అది కిర్రుమంటే ఆమె ఏం చేస్తుందో, బీడీల ఆకు కత్తిరించే కత్తెర బిగుసుకుంటే ఏం చేస్తుందో, తలుపు బందులు మొరాయిస్తే ఏం చేస్తుందో, ఇప్పుడూ అదే చేసింది. కొబ్బరినూనె సీసా తెచ్చింది. అతను మడిచినట్టే తుపాకిని మడిచి, బందు మీద రెండు చుక్కలు, లోపల తూటాను కొట్టే పిన్నులు బయటికి వచ్చే రెండు చిన్న బొక్కల్లో మరో నాలుగు చుక్కలు వేసింది. చీర చెంగుతో తుడిచి, బొట్టు పెట్టి, కళ్లకద్దుకుంది.

హన్మండ్లు వచ్చి తుపాకి మూసి చూశాడు. వెన్నలో వేలు దిగినట్టు మూసుకుంది.

“ఏం జేసినవే, గింత మెత్తగైంది?”

“దేవునికి మొక్కిన,” అంది అంజవ్వ నవ్వుతూ.

అతనూ నవ్వాడు. మెత్తగా ఉంది కాబట్టి హైదరాబాద్‌లో నూనె కొనలేదు.

ఢిల్లీలో మొదటి రోజు అతని వంతు మధ్యాహ్నం ఎండలో వచ్చింది. మూడు రౌండ్లలో డెబ్బై ఐదుకు డెబ్బై మూడు. పేర్ల పట్టీలో మూడో స్థానం. ఫోన్ చేసి చెబితే అంజవ్వ ఆ పూట బీడీలు చుట్టలేక లేచి, పెరట్లో అటూ ఇటూ తిరిగింది. రాత్రి తుపాకులన్నీ రేంజి వాళ్ల గదిలో ఉంచి తాళం వేశారు. రెండో రోజు వంతులు తారుమారై, అతనిది పొద్దున మొట్టమొదటి జట్టు. మంచు విడిచీ విడవకముందే పిలిచారు. నోట్లోంచి ఆవిరి వస్తోంది. వేళ్లు మొద్దుబారకుండా చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

నాలుగో చిప్పకు ట్రిగ్గర్ నొక్కితే తుపాకి పేలలేదు. రెఫరీ వచ్చి తీసుకుని చూసి, మళ్లీ కొట్టమన్నాడు. తొమ్మిదో చిప్పకు మళ్లీ అంతే. రౌండుకు రెండుసార్లు మాఫీ ఉంటుంది. మూడోసారి నుంచి తుపాకి తప్పైనా చిప్ప పోయినట్టే లెక్క. పదమూడో చిప్ప అట్లా పోయింది. పదహారోది పోయింది. ఇక తర్వాతి చిప్పలకు తుపాకి పేలింది గానీ, అది పేలుతుందో లేదోనని అతని వేలు ముందే వెనక్కి తగ్గింది. ఇరవై ఐదులో పద్దెనిమిది.

చివరి రౌండు వేళకు ఎండ వచ్చింది. తుపాకి ఒక్కసారి కూడా మొరాయించలేదు. అయినా నాలుగు తప్పాడు. పోటీ అయ్యాక తుపాకులు బాగుచేసేవాడు గొట్టాలు విప్పి, పిన్నులు కొట్టి చూసి, ఏ దోషమూ లేదని చేతిలో పెట్టాడు. అక్కడున్నవాళ్లలో ఒకరు, వయసైనప్పుడు తుపాకి కూడా మాట వినదులే అన్నారట. ప్రేమ్‌కుమార్ తల తిప్పి పేర్ల పట్టీ చూస్తున్నాడు. అదే హన్మండ్లుకు ఎక్కువ తగిలింది. పేర్ల పట్టీలో పద్నాలుగో స్థానం.

ఇంటికి వచ్చినవాడు రెండు రోజులు పడుకున్నాడు. మూడో రోజు లేచి గోడమీది క్యాలెండర్‌కు పది అడుగుల దూరంలో నిలబడి, ఒక కన్ను మూసి తేదీలు చదివాడు. తర్వాత ఇంకో కన్ను మూసి చదివాడు. అన్నం ముందు కూర్చుని కుడిచేతి చూపుడువేలిని మడుస్తూ, చాపుతూ ఉండిపోయేవాడు. సాలవ్వ చూసి చూసి, “ఏలు నొస్తుందా బిడ్డా?” అని అడిగితే, “నొస్తలేదవ్వా. నొచ్చినా బాగుండు,” అన్నాడు.

వచ్చిన పదో రోజో పదకొండో రోజో, చలి గట్టిగా పట్టింది. పక్కింటి వినీత జాకెట్టు తొందరగా కావాలంటే అంజవ్వ పొద్దున్నే కుట్టుమిషన్ ముందు కూర్చుంది. చక్రం తిరగలేదు. చలికాలంలో ఏ ఏడాదైనా ఇంతే, లోపల కొబ్బరినూనె పేరుకుంటుంది. మిషన్ తల విప్పి, ఎత్తుకుపోయి గడప ముందు ఎండలో పెట్టి, పక్కనే కూర్చుంది. కాసేపటికి చక్రం చేత్తో తిప్పి చూసింది. కొంచెం కదిలింది. ఇంకాసేపటికి ఇంకొంచెం. ఆమె చెయ్యి చక్రం మీదే ఆగిపోయింది.

ఢిల్లీ మంచు. పొద్దున పేలని తుపాకి. ఎండ రాగానే పేలిన తుపాకి. దోషమేమీ లేదన్న మనిషి. అన్నీ ఒక్కొక్కటే వచ్చి ఆమె ముందు కూర్చున్నాయి. ఇరవై ఏళ్లుగా ప్రతి చలికాలం మిషన్ మోసుకొచ్చి ఎండలో పెట్టే తనకు, ఆ నాలుగు చుక్కలు వేస్తున్నప్పుడు ఇది తట్టలేదు. తట్టకపోవడానికి కారణం వెతికితే ఒక్కటే కనిపించింది: ఆ రోజు మధ్యాహ్నం ఎల్లారెడ్డిలో ఎండగా ఉంది.

చెబుదామని లేచి పెరట్లోకి పోయింది. హన్మండ్లు ఖాళీ తుపాకి నడుముకు ఆనించి నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి, మూతలు విసరమన్నాడు. ఢిల్లీ నుంచి వచ్చాక మొదటిసారి అడగడం అది. ఆమె గోడెక్కింది. హా అన్నాడు. ఆమె విసిరింది. మూత నేల మీద పడి దొర్లుతుంటే, తుపాకి ఇంకా భుజానికి చేరలేదు. మళ్లీ విసిరింది. మళ్లీ అంతే. ఐదో మూతకు అతను తుపాకి గోడకు ఆనించి, మెల్లగా చతికిలబడ్డాడు. ఇప్పుడే చెప్పేస్తే బాగుండేది. కానీ గోడ మీద నిలబడి, కింద కూర్చున్న మనిషికి ఆ మాట ఎట్లా చెప్పాలో ఆమెకు తెలియలేదు. దిగేసరికి అతను లేచి వెళ్లిపోయాడు.

ఆ రాత్రంతా ఆలోచించి, మర్నాడు అత్తకు చెప్పింది. సాలవ్వ నములుతున్న ఆకు ఉమ్మి, మూతి తుడుచుకుని అంది: “ఇయ్యాలే చెప్పు. తిడ్తడు, తిట్టనీ. తిట్టుకుంటనన్న ఇంట్ల ఉంటడు కదనే.”

నాలుగు రోజుల తర్వాత హన్మండ్లు చివరిసారి కొట్టి చూసుకుంటానని తుపాకి పెట్టె సర్దుకుని హైదరాబాద్ బయలుదేరాడు. కామారెడ్డి దాకా అంజవ్వ కూడా వెళ్లింది. హాస్టల్లో ఉన్న సాయిశ్రీని చూడాలని పైకి చెప్పింది. చూడవలసింది బిడ్డను కాదు. లింగంపేట దాటాక బస్సులో జనం పలచబడ్డారు. పెట్టె అతని మోకాళ్ల మధ్య ఉంది. అంజవ్వ చెంగు కొస వేలికి చుట్టుకుంటూ, ఇక చెప్పబోయింది.

“అంజవ్వా,” అన్నాడు హన్మండ్లు కిటికీ వైపు చూస్తూ. “నేను తుపాకి మీద నెపం వెట్టిన్నని ఆడ అందరు అనుకున్నరు. ప్రేమ్‌కుమార్ సారు గూడ అనుకున్నడు. ఇప్పుడు నాకు గూడ గట్లనే అనిపిస్తుంది. నీ ఒక్కదానికే ఎరుక, నేను అబద్ధమాడనని. గింతకన్న నాకేం మిగల్లే.”

ఆ మాటకు అవునని చెప్పాలి, అవునని చెప్పడానికి తన దగ్గర రుజువే ఉంది. మొత్తం చెబితే అతని కన్ను అతనికి తిరిగి వస్తుంది, అతని వేలు అతనికి తిరిగి వస్తుంది. కానీ ఆ ఒక్కదానికే ఎరుక అన్న మనిషి, ఆ ఒక్కదాని చేతే ఇది జరిగిందని తెలిస్తే ఎటు చూస్తాడు? అంజవ్వ అతని చెయ్యి పట్టుకుంది. బస్సులో, పగటిపూట, పదిమంది చూస్తుండగా ఆమె అట్లా పట్టుకోవడం అదే మొదలు. అతను అది జవాబనుకున్నాడు. కామారెడ్డి బస్టాండు వచ్చింది.

మర్నాడు సాయంత్రం అతను పెట్టె లేకుండా వచ్చాడు. ఇరవై ఐదులో పందొమ్మిది అన్నాడు, రెండోసారి పదహారు అన్నాడు. తుపాకిని డీలర్ దగ్గర పెట్టి వచ్చాడట. కొనేవాడు దొరికేదాకా అక్కడే ఉంటుంది. తర్వాత పాత క్లబ్బుకు ఫోన్ చేశాడు. ముసలి కోచ్ ఎప్పుడో పోయాడు. పొట్టి గదిలో మనిషి కావాలనే చెప్పారు. చిప్పలు పేర్చడానికి కన్నూ వేలూ అక్కరలేదు.

నాలుగు వారాలకు వీసా కాగితం ఫోన్‌లో వచ్చింది. శుక్రవారం రాత్రి విమానం. గురువారం మధ్యాహ్నం బస్సుకు హైదరాబాద్ పోవాలి. ఆ లోపల చెప్పాలి. తుపాకి ఇంకా అమ్ముడుపోలేదు, మనిషి ఇంకా దాటిపోలేదు. అంజవ్వ సోమవారం అనుకుంది, హన్మండ్లు సర్టిఫికెట్లన్నీ బట్టలో చుట్టి అటక మీద పెడుతుంటే చూస్తూ నిచ్చెన పట్టుకుంది. మంగళవారం అనుకుంది, సాయిశ్రీ ఫోన్‌లో ఏడుస్తుంటే అతను సముదాయిస్తూ ఉన్నాడు. బుధవారం సాలవ్వ ఆమెను వంటింట్లో ఆపి, “నీ నోట్లె ఏమున్నదే, రాయా?” అంది. రేపు పొద్దుగాల చాయ్ ఇచ్చేటప్పుడు చెబుతానంది అంజవ్వ. ఎదురుగా కూర్చుని, మొదటి మాటే నూనె అని మొదలుపెట్టాలని, ఆ తర్వాత ఆగకూడదని మనసులో వల్లె వేసుకుంది. చిప్ప గదిలోంచి బయటపడ్డాక ఇక ఆగేది లేదు కదా.

గురువారం తెల్లవారుతుండగా లేచి పొయ్యి వెలిగించింది. పాలు పొంగాయి. రెండు గ్లాసులు తీసుకుని ముందరింట్లోకి వస్తే, పక్కబట్ట మడిచి ఉంది. మూలన ఉన్న బ్యాగు లేదు. చెప్పులు లేవు. సాలవ్వ మంచంలో కూర్చుని గేటు వైపు చూస్తోంది. కొడుకు వచ్చి ఆమె తలమీద చెయ్యి పెట్టి, తీసి, నడిచిపోయాడట. పోయొస్త అనే మాట ఎవరికీ చెప్పలేదు.

అంజవ్వ గ్లాసులు గడప మీద పెట్టి బస్టాండుకు పరుగెత్తింది. మొదటి బస్సు పోయి అరగంటయిందని చాయ్ పోసేవాడు చెప్పాడు. ఫోన్ చేస్తే మోగలేదు.

తిరిగి వచ్చేసరికి చాయ్ మీద మీగడ కట్టింది. పెరటి గోడ మీద, ఆమె నిలబడి మూతలు విసిరే చోట, కొబ్బరినూనె సీసా ఉంది. చలికాలం పొద్దున సీసాను ఎండ తగిలేచోట పెట్టడం అతను ఇంట్లో ఉన్నన్నాళ్లూ అతని పనే. ఆమె తల దువ్వుకునే వేళకు నూనె కరిగి ఉండాలని. ఢిల్లీ నుంచి వచ్చాక ఒక్కరోజు కూడా అతను ఆ సీసా ముట్టలేదు. ఈ పొద్దు ముట్టాడు, నూనె సంగతి తెలిసో, పాత అలవాటుకో.

అంజవ్వ దగ్గరికి పోయి నిలబడింది. ఎండ ఇంకా గోడ దాకా రాలేదు. సీసాలో నూనె తెల్లగా, గట్టిగా ఉంది.